పన్నెండు దగ్గర ఆగిన అంకె

జూన్ 2, సోమవారం

ఇవాళ్టి నుంచి ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాను. రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. ఇన్నేళ్లుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకునే దానికి ఈ వయసులో కంప్యూటరు భాష ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ప్రెస్సులో పని తగ్గింది, వేరే దారి చూసుకోవాలి అని. ఎవరూ అడగలేదు. ఈయన అసలే అడగలేదు. ముందుగదిలో కిటికీ వైపు కుర్చీ తిప్పుకుని కూర్చున్నారు.

అసలు సంగతి ఇక్కడ రాసుకుంటే తప్పేమీ లేదు. కోల్డ్ స్టోరేజీలో గ్యాసు లీకైన రోజున సైరన్ మోగలేదు. దాన్ని మోగించాల్సిన ప్రోగ్రాము ఈయన రాసింది. గ్యాసు ఎంతుందో చూపించే తెర ముందు ఆ రోజు డ్యూటీలో కూర్చున్నది అక్కడ పనిచేసే ఒక పిల్ల. తెర మీద అంకె చివరిదాకా పన్నెండే ఉందని ఆ పిల్ల అంటోంది. పన్నెండంటే భయం లేదని లెక్కట. అవతల మిషన్ గదిలో రేడియో చచ్చిపోయాడు. అతని అసలు పేరు నాకు పేపర్లో చూసేదాకా తెలియదు. పనిచేస్తూ ఎప్పుడూ ఏదో ఒకటి కూనిరాగం తీస్తుంటాడని అందరూ రేడియో అనేవారు.

విచారణ వచ్చే నెల మొదట్లో. ఈలోపు ఆ ప్రోగ్రాము నేను చదవగలగాలి. కాపీ ఈయన లాప్‌టాప్‌లో ఉంది. అచ్చుతప్పు ఏ భాషలో ఉన్నా నా కంటికి దొరక్కుండా పోదు. ఈయన రాతలో మాత్రం తప్పు దొరకదు. దొరకదని తేల్చుకోవడానికే చదువుతున్నాను.

ఈయన బాగానే ఉన్నారు.

జూన్ 5

వీడియోలు చూడమన్నాడు ప్రెస్సులో డిజైనరు. "అరటిపండు ఒలిచి చేతిలో పెడతారు మేడమ్" అన్నాడు. ఒలవడం వరకూ నిజమే, పండు మాత్రం వాళ్లే తినేస్తున్నారు. ఒకాయన సగం సేపు తన ఛానల్ గురించి తనే పొగుడుకుని, "ఈ లైను ఇలా రాసేయండి, ఎందుకని అడగొద్దు, పనిచేస్తుంది" అన్నాడు. ఎందుకని అడగొద్దన్నవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మంట. ఇంకొకావిడ చక్కగా చెబుతోంది, గొంతు కూడా బాగుంది. తీరా నాకు కావలసిన చోటికి వచ్చేసరికి "ఇది తర్వాత చూద్దాం" అంది. ఆ తర్వాత అనేది ఏ వీడియోలోనూ లేదు.

నాకు కావలసింది ఒక్కటే. ప్రోగ్రాములో, గ్యాసు కొలిచే సెన్సర్‌ని అడిగి అంకె తెచ్చే లైను ఒకటుంది. ఆ లైనులో పిలిచే ఫంక్షన్ ఈయన రాసింది కాదు, భాషతో పాటే తయారుగా వచ్చే చిన్న ప్రోగ్రాము. ఆ రోజు సెన్సర్ పాడైందంటున్నారు. అది జవాబివ్వకపోతే అప్పుడు ఆ ఫంక్షన్ ఏం చేస్తుంది? ఇంత చిన్న ముక్క ఎవరూ చెప్పరు.

ఈయన బాగానే ఉన్నారు. కాఫీ తాగారు.

జూన్ 9

ఆ ప్రశ్నే ఒక ఫోరంలో అడిగాను. మొదటివాడు "ముందు డాక్యుమెంటేషన్ చదువు" అన్నాడు. ఎక్కడుందో చెప్పలేదు. రెండోవాడు "ఇది ఇంతకుముందే అడిగారు" అని నా ప్రశ్నకు తాళం వేసి వెళ్లాడు. ఇంతకుముందు అడిగిందేమిటా అని వెళ్లి చూస్తే అది వేరే ప్రశ్న. దాని కింద ఎవరో ఎప్పుడో రాశారు: "నాదీ ఇదే ఇబ్బంది. జవాబు దొరికినవాళ్లు దయచేసి చెప్పండి." ఎవరూ చెప్పలేదు. ఆ మనిషి ఇంకా అక్కడే నిలబడి ఉన్నట్టనిపించి పేజీ మూసేశాను.

మధ్యాహ్నం వదిన వచ్చింది. తమ్ముణ్ణి చూడటానికని వచ్చి నన్ను దులిపింది.

"ఏమ్మా మరదలా, వాడేంటి అలా గడ్డం పెంచుకుని కూర్చున్నాడు? నువ్వేమో కంప్యూటరు ముందేసుకున్నావ్. ఈ ఇంట్లో ఎవరిది ఏ ఉద్యోగమో నాకు తెలిసి చావట్లేదు."

"బాగానే ఉన్నారు వదినా."

"బాగుంటే ఇలాగే ఉంటారా? ఒరేయ్, నీకెందుకురా దిగులు? తెర ముందు కూర్చున్నది ఆ పిల్ల. కళ్లు పెట్టుకుని చూడాల్సింది అది. నీకేం సంబంధం?"

ఈయన లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. వదినకి నోట్లో నువ్వుగింజ నానదు గానీ మనసు మంచిది. అన్నది నిజం కూడా.

జూన్ 11

వంటింట్లో ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినిపించింది. పట్టపగలు. ఫ్రిజ్. తెలిసి కూడా స్విచ్ ఆపేశాను. ఆపేశాక ఇల్లంతా మరీ నిశ్శబ్దంగా అయిపోయి, ఆ నిశ్శబ్దంలో ఇంకా స్పష్టంగా వినిపించింది. పాలు విరిగిపోయాయి.

ఎదుటి బస్ షెల్టర్లో రేడియో భార్య కూర్చుంటోంది. నిన్న కూడా కూర్చుంది. పేపర్లో ఫొటో చూశాను కాబట్టి గుర్తుపట్టాను. మన ఇంటి వైపు చూడదు. చూడకపోవడమే భయంగా ఉంది. కిటికీ తెర దించేశాను. ఈయన ఆ తెరవైపే కుర్చీ వేసుకుని అలాగే కూర్చున్నారు.

జూన్ 14, శనివారం

దొరికింది! అసలు మాన్యువల్. ఆ భాషను తయారుచేసినవాళ్లే రాసిపెట్టింది. ఇన్నాళ్లూ ఊరంతా తిరిగి వీధి చివరి కొట్టు చూడనట్టయింది నా పని.

ఇదీ రాతంటే. "హాయ్ ఫ్రెండ్స్" లేదు, పొగడ్త లేదు, బుజ్జగింపు లేదు. ఒక్కొక్క ఫంక్షన్‌కి ఒక్కొక్క పేజీ. ఏం ఇవ్వాలి, ఏం తిరిగొస్తుంది, తేడా వస్తే ఏమవుతుంది. అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఇది రాసినవాళ్లెవరో గానీ, వాళ్ల ప్రూఫులు దిద్దే భాగ్యం నాకు కలిగి ఉంటే బాగుండేది.

నా పేజీ కూడా దొరికింది. సెన్సర్ జవాబివ్వకపోతే ఆ ఫంక్షన్ పని ఆపేసి, తెర మీద ఎర్రక్షరాల్లో ఎర్రర్ చూపిస్తుందట. అంటే ఆ రోజు సెన్సర్ పాడయ్యాక తెర మీద పన్నెండు ఉండే వీల్లేదు. ఎర్రగా ఎర్రర్ వచ్చి ఉండాలి. ఆ పిల్ల చూడలేదు, లేదా చూసి ఊరుకుంది. కంపెనీవాళ్ల నిపుణుడు విచారణకి రాసిచ్చింది కూడా ఇదేనట, ఇదే పేజీ చూపించాడట.

ఈయనకి చదివి వినిపించాను. "మీ తప్పు లేదండీ. ఇదిగో, వాళ్లే రాశారు" అన్నాను.

"ఊఁ" అన్నారు.

మనిషికి భారం దిగాలంటే టైం పడుతుంది. చాలా రోజుల తర్వాత వంట మనసుపెట్టి చేశాను. ఈయన బాగానే ఉన్నారు.

జూన్ 15

ఆ పిల్ల అబద్ధం చెబుతోంది.

జూన్ 17

పుస్తకం చేతికొస్తే మొదట చూసేది ఇది ఎన్నో ముద్రణ అని. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే నేను చెప్పే మాట అది. పాత ముద్రణకి దిద్దిన తప్పులు కొత్త ముద్రణలో వెతికితే ఏం దొరుకుతుంది?

మాన్యువల్ పేజీ పైన మూల చిన్న అక్షరాల్లో ఉంది, నాలుగో వెర్షన్ అని. ప్రోగ్రాము మొదటి లైనులో ఈయనే రాసుకున్నారు, రెండో వెర్షన్ మీద నడుస్తుందని.

మధ్యలో పెద్ద మార్పులేం ఉంటాయిలే.

జూన్ 18

రెండో వెర్షన్ మాన్యువల్ ఎక్కడా లేదు. ఏ లింకు నొక్కినా కొత్తదానికే తీసుకుపోతోంది. పాతదాని పేరు కనిపించిన చోట నొక్కితే "ఈ పేజీ లేదు." మంచిదే. లేనిదాన్ని ఎవరు వెతుకుతారు? కంపెనీవాళ్ల నిపుణుడికి లేని అనుమానం నాకెందుకు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం కాకపోతే.

ఈయన బాగానే ఉన్నారు.

జూన్ 19

వెతకడం మానేశాను.

జూన్ 21, శనివారం

వెతికాను. ఎక్కడో ఒక కాలేజీవాళ్లు పాతవన్నీ పారేయకుండా దాచిపెట్టుకున్నారు. అందులో ఉంది, రెండోది.

అదే పొందిక, అదే తీరు. అదే ఫంక్షన్. కానీ రెండో వెర్షన్‌లో అది ఆగదు. ఎర్రర్ చూపించదు. సెన్సర్ చచ్చిపోయినా, పోయినసారి వచ్చిన అంకెనే మళ్లీ మళ్లీ ఇస్తూ పోతుంది. పన్నెండు వచ్చాక వైరు తెగితే, ఇక ఎప్పటికీ పన్నెండే. కింద ముద్దక్షరాల్లో హెచ్చరిక ఉంది. ఆ హెచ్చరిక ఇక్కడ రాయను. దాన్ని పట్టించుకుని రెండు లైన్లు రాసి ఉంటే సైరన్ మోగేది. ఈయన ప్రోగ్రాములో ఆ రెండు లైన్లు లేవు. కళ్లు కాయలు కాచేలా చూశాను, లేవు.

ఈయనకి తెలియదు. తెలిసి ఉంటే రాసేవారు. నేను చెప్పను. చెబితే మనిషి దక్కడు.

జూన్ 22

వెనక పేజీలు తిరగేశాను. ఈయన బాగానే ఉన్నారని ఎన్నిసార్లు రాశానో. ఇవాళైనా మనిషిని చూసి రాద్దామని ముందుగదిలోకి వెళ్లాను. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నారు. పొద్దున పెట్టిన కాఫీ మీగడ కట్టి అలాగే ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. ఎప్పుడు పోయాయో నాకు తెలియదు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"బాగానే ఉంది" అన్నారు. వెంటనే, అడిగిందేమిటో వినకుండానే.

జూన్ 24, మంగళవారం

ఆ పిల్ల వచ్చింది. ఇంతవరకూ నేను సరిగా చూసిందే లేదు. సన్నగా, మెడలో కంపెనీ కార్డు ఇంకా వేసుకునే తిరుగుతోంది. తీసేయమని ఎవరూ చెప్పలేదట.

"సార్‌తో ఒక్క రెండు నిమిషాలు మాట్లాడొచ్చా అక్కా?"

"పడుకున్నారు" అన్నాను. పడుకోలేదు. తలుపు వెనకే ఉన్నారు.

"పోనీలెండి. మీరు ఆ భాష నేర్చుకుంటున్నారంట కదా, వదినగారు బస్సులో కలిసి చెప్పారు. నాకూ చెప్పండక్కా. ఎర్రర్ వచ్చి తీరుతుందని వాళ్లంటున్నారు. నాకేమో పన్నెండే గుర్తుంది. ఒప్పుకునే ముందు నాకు నేనుగా అర్థం చేసుకోవాలి కదా? వీడియోలు చూస్తే బుర్ర తిరిగిపోతోంది. ఏది చదవాలో, మంచిదేదో మీరు చెబితే అదే చదువుతా."

మంచిదేదో. నాకంటే బాగా ఎవరికి తెలుసు?

కాగితం మీద రాసిచ్చాను. నాలుగో వెర్షన్ మాన్యువల్ ఎక్కడుందో, ఏ పేజీ చూడాలో. నా దస్తూరీ అందంగా ఉంటుంది. ఆ పిల్ల రెండు చేతులతో అందుకుని, "మీ మేలు మర్చిపోను అక్కా" అంది.

అబద్ధమేమీ ఇవ్వలేదు. అది నిజమైన మాన్యువలే.

జూన్ 25

ఫ్రిజ్ స్విచ్ ఆపే ఉంది. అయినా వినిపిస్తోంది.

జూన్ 28, శనివారం

మళ్లీ వచ్చింది. కళ్లకింద నల్లగా.

"చదివానక్కా. ఎంత బాగుందో. ఒక్క మాటకి రెండర్థాలు లేవు. అందులో రాసినట్టయితే ఎర్రర్ వచ్చే ఉండాలి, అంతే." కాసేపు మెడలో కార్డు తిప్పుకుంటూ కూర్చుంది. "మొదట్లో నాకు పన్నెండే కనిపించేది. చదివినప్పట్నుంచీ కళ్లు మూసుకుంటే ఎర్రక్షరాలు కనిపిస్తున్నాయి. చూశానక్కా నేను. చూసే ఉంటా. చూసి టీ తాగుతూ కూర్చున్నానేమో. రేడియో అన్న నాకు రోజూ టీ తెచ్చిచ్చేవాడు."

"ఊరికే అనిపిస్తుంది అలా" అన్నాను.

"లేదక్కా. మంగళవారం పొద్దున రాసిస్తా, చూసి కూడా పట్టించుకోలేదని. రాసిస్తే జైలు దాకా పోకుండా చూస్తామని మేనేజరుగారన్నారు. పోయినా ఫర్వాలేదు. మనిషి పోయాడు కదా."

వెళ్లేటప్పుడు లోపలి తలుపువైపు చూసి, "సార్‌ని బాగా చూసుకోండి" అంది.

దాని కళ్లల్లోకి ఆ ఎర్రక్షరాలు పెట్టింది నేను. నా అందమైన దస్తూరీతో పెట్టాను.

జూన్ 30

ఇక ఉండబట్టలేక రోడ్డు దాటి బస్ షెల్టర్లోకి వెళ్లాను. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. తిట్టినా, కొట్టినా పడదామనే వెళ్లాను.

ఆమెకి నేనెవరో తెలియదు. ఇల్లూ తెలియదు. కొత్తగా బట్టల కొట్టులో చేరిందట, అక్కడికెళ్లే బస్సు ఇక్కడే ఆగుతుందట. అందుకని కూర్చుంటోంది. ఇన్నాళ్లూ నేను తెర దించుకుని వణికింది బస్సు కోసం చూసుకునే మనిషిని చూసి.

మాటల్లో తనే చెప్పింది. "మా ఆయన గ్యాసు పట్టి పోయాడండీ. ఎవతో పిల్ల, మిషన్ చెబుతున్నా చూసి ఊరుకుందంట. రేపు ఒప్పుకుంటుందంట. నా పిల్లల ఉసురు దానికి తగలకుండా పోదు. అది ఏడ్చి ఏడ్చి చావాలి."

బస్సు వచ్చింది. "వస్తానండీ" అని నాతో నవ్వుతూ చెప్పి ఎక్కింది.

ఉసురు దారి తప్పి పోతోంది. ఇది చూస్తూ కూర్చుంటే నేను మనిషిని కాను.

జులై 1, మంగళవారం

పొద్దున్నే ఆ పిల్లకి ఫోన్ చేసి, ఏదీ రాసివ్వకుండా ముందు మా ఇంటికి రమ్మన్నాను. విచారణ రేపు. ఈయన లోపలి గదిలోనే ఉన్నారు. వినపడాలనే ముందుగదిలో బల్ల వేశాను.

ఈయన సొరుగులో పాత సెన్సర్ ఒకటుంటే తీసి లాప్‌టాప్‌కి తగిలించాను. రెండో వెర్షన్ ఎక్కించాను. ఈయన ప్రోగ్రాములోని ఆ ఒక్క లైనే రాసి నడిపించాను. తెర మీద అంకె కదులుతోంది. ఎనిమిది, తొమ్మిది, మళ్లీ ఎనిమిది, తొమ్మిది.

"ఇప్పుడు వైరు పీకెయ్" అన్నాను.

పీకింది. తొమ్మిది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. తొమ్మిది. సెన్సర్ బల్ల మీద పడి ఉంది, వైరు ఆ పిల్ల చేతిలో ఉంది, తెర మీద తొమ్మిది.

"ఎర్రర్ ఏదక్కా?"

"రాదు. ఈ వెర్షన్‌లో రాదు. కోల్డ్ స్టోరేజీలో ఉన్నది ఇదే. నువ్వు చూసింది పన్నెండే. చూడటానికి ఇంకేమీ లేదు అక్కడ."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వైరు నెమ్మదిగా బల్లమీద పెట్టింది. పాత మాన్యువల్ పేజీ ప్రింటు తీసి ఉంచాను, అది చదివింది. రెండుసార్లు చదివింది. పైన వెర్షన్ ఎంతో చూసింది. తెలివైన పిల్ల.

"మొన్న మీరు రాసిచ్చింది వేరే కదా?"

"అవును."

"అప్పటికి ఇది మీకు దొరకలేదా?"

దొరకలేదని అంటే నమ్మేది. నమ్మాలని ఎదురుచూస్తోంది కూడా.

"దొరికింది" అన్నాను. "అంతకుముందే దొరికింది."

కాగితం మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. మెడలో కార్డు తీసి అదీ సంచిలో వేసింది. అక్కా అనలేదు, వస్తాననీ అనలేదు. గేటు చప్పుడు కూడా కాకుండా వేసి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

లోపలి తలుపు తెరుచుకుంది. ఈయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. తెర మీద తొమ్మిది చూశారు. ఆర్పలేదు.

"ఏ పేజీ ఇచ్చావ్?"

"రెండో వెర్షన్‌ది. మీకు తెలియకుండా దాచాలనుకున్నానండీ. మీరు తట్టుకోలేరని."

అప్పుడు ఈయన చెప్పడం మొదలుపెట్టారు. గొంతు గరగరలాడింది, వాడి చాలా రోజులైనట్టు.

"జవాబు రాని పక్షంలో ఈ ఫంక్షన్ గత విలువనే తిరిగి ఇస్తుంది. అది కొత్త విలువ కాదని దీని ద్వారా తెలుసుకోవడం సాధ్యం కాదు. ప్రాణాపాయం ఉన్న చోట, విలువ వచ్చిన సమయాన్ని విడిగా పరీక్షించకుండా దీన్ని వాడరాదు."

ప్రెస్సులో ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరం ప్రతి చూసుకుంటాం. నాకు తెలియకుండానే తెర మీద ఆ పేజీ తెరిచి, వేలు పెట్టి ఒక్కొక్క మాటే చూసుకుంటూ పోయాను. కామా ఉన్న చోట ఆగారు. చుక్క ఉన్న చోట ఆగారు. అక్షరం పొల్లుపోలేదు.

"ఎప్పుడు చదివారు?"

"ప్రోగ్రాము రాసేటప్పుడే. తర్వాత చూద్దాంలే అనుకున్నా."

నేను దాచిన పేజీ నెలరోజులుగా ఈయన నోట్లోనే ఉంది. ఆ పిల్ల ఈ గదిలో కూర్చుని ఎర్రక్షరాలు చూశానని చెబుతున్నప్పుడు, ఆ తలుపు వెనక ఉంది.

మళ్లీ మొదటినుంచి చెప్పబోయారు. "జవాబు రాని పక్షంలో..."

"నాకు కాదండీ" అన్నాను. "రేపు అక్కడ చెప్పండి. ఆ పిల్ల ముందు, రేడియో భార్య ముందు."

బల్ల మీది వైరు చేతిలోకి తీసుకుని అలాగే కూర్చున్నారు. నేనూ లేవలేదు. ఆఖరికి, "నువ్వొస్తావా?" అన్నారు.

వస్తానన్నాను. నేను చెప్పాల్సింది కూడా ఉంది కదా.